బర్మాలో తెలుగు కూలీ



నేను పాలమూరు సీమవాడను. వానలు తప్పిన యేట గుంపుమేస్త్రీ వచ్చి, ముందుసొమ్ము చేతిలో బెట్టి, కుటుంబములను దూరపు కాలువలకు, ఆనకట్టలకు గొనిపోవుట మా పల్లెలెరిగిన సంగతి. నల్లగొండలోని దేవరకొండ మెట్టలకును ఇది క్రొత్త కాదు. కావుననే సముద్రము దాటి బర్మాకు బోయిన తీరాంధ్ర కూలీల చరిత్ర నాకు పరాయిదిగా తోచదు.

1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను గెలిచిరి. 1869లో సూయజు కాలువ తెరువగా, ఐరావతీ నదీముఖమున పండిన బియ్యమునకు ఐరోపాలో గిరాకి పెరిగెను. అడవి నరికి పొలము చేసినవారిలో అధికులు బర్మీయులే. కాని రేవులకు, బియ్యపు మిల్లులకు కూలీలు చాలకపోయిరి. విశాఖ, గోదావరి జిల్లాలనుండి మేస్త్రీలు ఓడ ఖర్చు పెట్టి జనమును రంగూనునకు దెచ్చి, ఆ బాకీని కూలిలో విరుగగోసికొనిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరే అక్కడ వారికి పేరైనది.

1931 జనగణనమున బర్మా జనసంఖ్య సుమారు 1 కోటి 46 లక్షలు. అందు భారతీయులు సుమారు 10 లక్షలు, అనగా నూటికి ఏడుగురు. రంగూను నగరమున మాత్రము 4 లక్షల జనములో సగమునకు మించి భారతీయులే. స్వదేశపు రాజధానిలోనే తాము తక్కువైతిమను బర్మీయుల బాధ కల్ల కాదు. 1930 మే నెలలో భారతీయ రేవుకూలీలు, అందును ముఖ్యముగా తెలుగువారు, కూలి పెంపునకై సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలో బెట్టిరి. సమ్మె తీరగానే వారిని వెళ్ళగొట్టిరి. అల్లరులు చెలరేగి పెక్కుమంది తెలుగు కూలీలు హతులైరి. కడుపు కాలిన యిరువురు తన్నుకొనిరి, లాభము మూడవవానిది.

1942లో జపాను దండయాత్రకు వెరచి లక్షలాది భారతీయులు అడవిదారుల నడచిరి. వేలమంది దారిలోనే కన్నుమూసిరి. 1948 జనవరి 4న, జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమున, తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషములకు బర్మా స్వతంత్రమయ్యెను. నాటి చట్టము పౌరసత్వమునకు దారి చూపినను, భారతీయులలో పెక్కురు దానిని పొందలేదు. 1962లో సేనాని నేవిన్ అధికారము గైకొని, 1964లో అంగళ్లను జాతీయము చేయగా, మరల లక్షలమంది తిరిగివచ్చిరి. విశాఖపట్టణమునందలి బర్మా క్యాంపు వారి గురుతే.

స్వాతంత్ర్యమునకు ముహూర్తము పెట్టవచ్చును. మనవారెవ్వరు అను ప్రశ్నకు ముహూర్తము లేదు. నేడు హైదరాబాదులో మేడలు గట్టు ఒడిశా, బీహారు కూలీలను చూచునపుడు, ముందుసొమ్ము చేదు నెరిగిన మనము, వీరెవ్వరని అడుగుటకు ముందు, వీరికి కూలి సరిగా ముట్టినదా యని అడుగవలెను.