కరిసల్ సీమ: అగ్గిపెట్టె, పలక

తమిళనాడు దక్షిణ భాగంలో విరుదునగరం మొదలు కోవిల్పట్టి దాటి విస్తరించిన నల్లరేగడి నేలకు 'కరిసల్' అని పేరు. జీవనది లేని మెట్టసీమ యిది. ఈశాన్య ఋతుపవనం కరుణించిన యేడు పత్తి, జొన్న, సజ్జ, అపరాలు పండుతాయి. వాన ముఖం చాటేసిన యేడు అప్పులే మిగులుతాయి.

విజయనగర, మధుర నాయకరాజుల కాలంలో ఉత్తరం నుండి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ రేగడిని సాగులోనికి తెచ్చిన వారిలో ముఖ్యులు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకుల ఇండ్లలో తెలుగు నేటికీ వినిపిస్తుంది. అయితే లిపి తెలిసినవారు అరుదు. కోవిల్పట్టి చెంత ఇడైసేవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. ఆ వలసగాథను ఆయన తమిళంలోనే నవలలుగా వ్రాశారు. వాటిలో 'గోపల్లపురత్తు మక్కళ్' 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది.

1860 దశాబ్దంలో అమెరికా అంతర్యుద్ధం మూలంగా పత్తికి గిరాకీ పెరిగింది. 1876 నాటికి రైలుమార్గం తూత్తుక్కుడి రేవును చేరింది. విరుదునగరం వర్తక కేంద్రమైంది. అచ్చటి నాడార్ వర్తకులు మహిమై నిధి, ఇంటింటి పిడికెడు బియ్యం కూడబెట్టి 1889లో క్షత్రియ విద్యాశాలను స్థాపించారు. ఆ ఊరిలో 1903లో జన్మించిన కామరాజ్ ఆ పాఠశాలలోనే చదువుకొన్నారు. పేదరికం వల్ల చదువు మధ్యలో ఆగిపోయిన ఆయనే ముఖ్యమంత్రియై 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం కల్పించారు.

వాన లేమి వ్యవసాయానికి శాపమైనా, అగ్గిపుల్లలు ఆరబెట్టడానికి వరమైంది. శివకాశికి చెందిన అయ్యనాడార్, షణ్ముగనాడార్ 1922లో కలకత్తా వెళ్లి ఆ పని నేర్చుకొని వచ్చారు. క్రమంగా సాత్తూరు, కోవిల్పట్టి ప్రాంతాలకూ ఆ పరిశ్రమ ప్రాకింది. కరువు యేళ్లలో వేలాది కుటుంబాలకు, ముఖ్యంగా స్త్రీలకు, కూలి దొరికింది. కాని ఆ కూలిలో పసివాళ్ల చేతులకూ పాలు పడింది. తెల్లవారకముందే కర్మాగారాల బస్సులు పల్లెలకు వచ్చి పిల్లలను తీసుకొనిపోయేవి. పేదరికమే పిల్లలను పనికి పంపిందనడం సత్యం. ఆ పనియే పేదరికాన్ని మరో తరానికి మోసిందనడమూ అంతే సత్యం.

1986లో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చింది. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు, చట్టాన్ని మీరి బాలలను నియమించిన యజమాని ఒక్కొక్క బిడ్డకు 20,000 రూపాయల చొప్పున చెల్లించాలని ఆదేశించింది. చట్టంతోపాటు మధ్యాహ్న భోజనం, యంత్రాల రాక, తల్లుల పట్టుదల కలిసి పసివాళ్లను బడివైపు మళ్లించాయి.

నేడు యంత్రాలు చేతిపనిని తగ్గిస్తున్నాయి. రూపాయికి అమ్మిన అగ్గిపెట్టె 2021 డిసెంబరులో గాని రెండు రూపాయలు కాలేదు. కోవిల్పట్టి వేరుసెనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినా, విరుదునగరం జిల్లా 2018 నాటి ఆకాంక్షిత జిల్లాల జాబితాలో చేరవలసివచ్చింది.

పంటలు మారాయి, పరిశ్రమలు మారాయి. నాడు పిడికెడు బియ్యంతో లేచిన బడి మాత్రం తరతరాలకు ఫలమిచ్చింది. బిడ్డ చేతికి పలక నందించిన ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ ఆ పిడికెడు బియ్యం పోసినవారే.