అడిగిందొకరిని, వచ్చిందొకరు

భద్రాచలంలో రాముణ్ణి చూసి పర్ణశాలకు పోయే యాత్రికుల్లో, దుమ్ముగూడెం పాత ఆనకట్ట దగ్గర ఆగేవాళ్లు తక్కువ. అక్కడ గోదావరి అడుగంతా బండలే. నడివేసవిలో పడవ కాదు కదా, తెప్ప కూడా కదలదు. ఆ బండలను దాటించి, మధ్య భారతం పత్తిని నీళ్ల మీదే సముద్రానికి చేర్చాలని సర్ ఆర్థర్ కాటన్ కలగన్నాడు. 1860లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు నిజాం చేతుల్లోంచి బ్రిటిషువాళ్లకు వచ్చాయి. నదిలో పని రాయల్ ఇంజనీర్స్ కాప్టెన్ ఎఫ్.టి. హేగ్ మీద పడింది.

పగలు బండలు పగలగొట్టించడం, పొద్దుగూకాక తోటి క్రైస్తవ ఉద్యోగులతో కలిసి మోకరించడం. వాళ్ల ప్రార్థన కోయల కోసం. మైదానం నుంచి వచ్చిన షావుకారుకైనా, సర్కారు జవానుకైనా కోయవాడంటే ఒకటే లెక్క: ఇప్పసారా మానడు, ఒకచోట నిలవడు, పోడు కొట్టుకుంటూ ముందుకు పోతాడు, వాడికి మంచి చెప్పి లాభం లేదు. లాభం లేదని అందరూ తేల్చేసిన మనుషుల కోసం ఈ కొద్దిమందీ దేవుణ్ణి పట్టుకుని వదల్లేదు. ఒక బోధకుణ్ణి పంపమని ఇంగ్లండులోని చర్చ్ మిషనరీ సొసైటీనీ అడిగారు.

వాళ్లు చూసిందంతా సముద్రం వైపు. వాళ్లకు కావలసిన మనిషి మాత్రం బియ్యం గిడ్డంగిలో ఉన్నాడు.

వెంకటరామరాజు హేగ్ కిందే కమిసరియట్ పెద్ద. అంటే ఆ అడవిలో వేలమందికి తిండి అందాలంటే ఆయన చెయ్యి కదలాలి. గిడ్డంగి ముందు పొద్దున్నే పడే వరసను ఊహించుకోండి. ముందున్న కూలీ పైపంచె చెంగు పట్టుకుని నిలబడ్డాడు. కుంచం నిండింది. కొలిచేవాడు పైన చేత్తో గీసి చదును చేశాడు. కూలీ చూపు బియ్యం మీద లేదు, ఆ గీత గీసిన చేతి మీద ఉంది. రాజుగారు కొలతలో తప్పు చేశారని నేననడం లేదు. కానీ కొలపాత్ర ఎవరి అజమాయిషీలో ఉంటుందో, వాళ్ల నోట దేవుడి మాట వింటే ఏ కూలీ నమ్ముతాడు? పైగా ఆయన రాజుల కులం, మంచి జీతం. కోయగుడిసె అరుగు మీద కూర్చోవడానికి అంతకన్నా పనికిరాని మనిషి దొరకడు.

హేగ్ సహవాసంలో ఆయనే క్రైస్తవుడయ్యాడు. అంతటితో ఆగినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. కొలువు వదిలేశాడు. తక్కువ జీతానికి కోయపల్లెలకు బోధకుడిగా నడిచాడు. కులం వాళ్ల ముందు ఒకసారి, కోయల ముందు మరోసారి అనుమానానికి లోనుకావడం ఎంత కష్టమో, మన ఊళ్లలో కులం సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. మతంలో సర్కారు వేలు పెట్టదని 1858లో విక్టోరియా రాణి ప్రకటించి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. పై అధికారి మతం కింది ఉద్యోగిని తాకినప్పుడు, అందులో అధికారం బరువు ఎంతన్న ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే కొలువు కోసం మతం మారినవాడు, మారాక ఆ కొలువునే వదులుకోడు.

1871లో ఎగువ గోదావరి నౌకాయానం పనులను సర్కారు ఆపేసింది. ఇంజనీర్లు సామాను సర్దుకున్నారు. రాజుగారు గురువుగా అభిషేకం పొంది దుమ్ముగూడెం మిషన్‌లోనే ఉండిపోయారు. తర్వాత వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ అక్కడే దశాబ్దాలు గడిపాడు. కోయల ఆచారాల మీద ఆయన రాసినవి ‘ఇండియన్ ఆంటిక్వెరీ’లో అచ్చయ్యాయి.

కోయలు మాత్రం పోలోమని బాప్తిస్మానికి రాలేదు. ఒకరో ఇద్దరో, అదీ ఏళ్లు పట్టాక. అక్కడ ఖర్చుకు ఫలితం రాలేదని సర్కారు తన నది పనులను వదిలేసింది. మిషన్ మాత్రం ఆ లెక్క చూసి తలుపులు మూసుకోలేదు.