అమీర్‌పేట విద్యావీథులు

హైదరాబాదు నగరమున అమీర్‌పేటలో, మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవ్ అను భవనముల చుట్టును, ప్రకటనఫలకములతో క్రిక్కిరిసిన యిరుకు సందులలో, ఏ విశ్వవిద్యాలయపు ముద్రయు లేని యొక విద్యాపీఠము గతశతాబ్దపు చివరి దశకమున రూపుదాల్చెను. సంవత్సరమును రెండంకెలతోనే గుర్తించు పాత కోబాల్ ప్రోగ్రాములు 2000 రాగానే తప్పులెక్కలు కట్టునను భయము లోకమెల్ల వ్యాపించి, వానిని సరిదిద్దువారు విశేషముగ కావలసివచ్చినప్పుడు, కంప్యూటరు శాస్త్రమున పట్టము లేని వాణిజ్యశాస్త్ర విద్యార్థులును, సివిల్, మెకానికల్ ఇంజనీర్లును, కొలువులు విడిచివచ్చిన యితరవృత్తులవారును, హాస్టలు గదులలో నలుగురైదుగురు సర్దుకొని, తెల్లవారుజాముననే తరగతులకు పరుగిడి, జిరాక్సు నోట్సులు వల్లెవేసి, కొలదినెలలలోనే యావృత్తికి సంసిద్ధులైరి. ఆ కాలముననే, 1998లో, నగరమున సాఫ్ట్‌వేర్ సంస్థలకై కట్టిన సైబర్ టవర్స్ భవనము ప్రారంభమయ్యెను. పిమ్మట జావా, ఒరాకిల్, సాప్ మున్నగునవి కోబాల్ స్థానము నాక్రమించెను.

రుసుము చెల్లించుటకు మున్ను ‘డెమో’ పాఠము వినుట యచ్చటి యాచారము. బోధకుని యోగ్యతకు బోధనయే ప్రమాణమైన యీ పద్ధతి, నా యభిప్రాయమున, మన కళాశాలలకును ఆదర్శప్రాయము. అయినను, అచ్చట నేర్చినవారందఱును కృతార్థులు కాలేదు. 2001 నాటి మాంద్యమున పెక్కుమంది నిరాశతో స్వగ్రామములకు మరలిరి. వారి శ్రమయు నీ చరిత్రలో భాగమే.

పట్టము లేదని సంకోచించు యువజనులారా, ఒకనాటి యుదయమున ఆ వీథులకేగి యొక డెమో పాఠము వినుడు.