తెరిచిన దారి మళ్లీ పూడకుండా

జ్యూరిక్‌లో ఒక ఇంటి వంటగది. బల్ల మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, పట్టుదారం, జిగురు, బ్లేడ్లు. పగలంతా ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ అనే జర్మన్ డాక్టరు, రాత్రిళ్లు భార్యతో, తన సహాయకురాలితో కలిసి ఆ బల్ల దగ్గరే బుల్లి బెలూన్లు తయారు చేసేవాడు. 1977 సెప్టెంబరు 16న అలాంటి బెలూన్‌నే 38 ఏళ్ల రోగి గుండె రక్తనాళంలోకి పంపి, కొవ్వు పూడిక ఉన్నచోట ఉబ్బించాడు. ఛాతీ కోయకుండానే దారి తెరుచుకుంది. డాక్టరుకూ అప్పుడు 38 ఏళ్లే.

ఆ రోగికి 23 ఏళ్ల తర్వాత యాంజియోగ్రామ్ తీస్తే, బెలూన్ వేసిన చోటు ఇంకా తెరిచే ఉంది. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. బెలూన్ వైద్యం దేశదేశాలకూ పాకినకొద్దీ డాక్టర్లకు ఒక చేదు నిజం తెలిసొచ్చింది. ముగ్గురిలో ఒకరికి, ఆరు నెలలు తిరక్కుండానే, అదే చోట నాళం మళ్లీ సన్నబడుతోంది. నడిస్తే ఆయాసం, గుండెలో అదే బరువు.

ఎందుకిలా? పొలం కాలువలో పూడిక తీస్తే మళ్లీ పేరుకునేది పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు. రక్తనాళంలో మాత్రం గట్టే లోపలికి పెరుగుతుంది. బెలూన్ ఉబ్బినప్పుడు నాళం గోడ సాగుతుంది, అక్కడక్కడా చీలుతుంది. సాగిన గోడ కొంత వెనక్కి ముడుచుకుంటుంది. చీలిన చోటును శరీరం గాయంగానే చూస్తుంది. గోడలోని కండర కణాలు లేచొచ్చి, వేగంగా పెరిగి, మచ్చకట్టి గాయాన్ని మూస్తాయి. మోకాలి మీద దెబ్బను మాన్పే ఆ గుణమే, మూడు మిల్లీమీటర్ల నాళంలో దారి మూసేస్తుంది. ఈ కథలో శత్రువు కొవ్వు ఒక్కటే కాదు, మన ఒంటి మాన్పుడు గుణం కూడా.

ముడుచుకుపోయే గోడకు లోపలినుంచి ఆసరా పెడితే? 1986లో ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో జాక్ పుయెల్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ గుండె నాళాల్లో అలాంటి ఆసరాలను, అంటే తొలి స్టెంట్లను, అమర్చారు. అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హులియో పాల్మాజ్‌కు ఈ ఆలోచన గట్టిపడింది గోడల ప్లాస్టరింగ్‌కు వాడే ఇనుప జాలీ ముక్క చూశాక. ముడిచి ఉన్న జాలీని బెలూన్ మీద ఎక్కించి లోపల విప్పితే చాలనుకున్నాడు. 1994లో వెలువడిన యూరప్ అధ్యయనంలో, ఉత్త బెలూన్‌తో 32 శాతంగా ఉన్న మళ్లీ పూడిక స్టెంట్‌తో 22 శాతానికి దిగింది. ఆ దశకంలోనే హైదరాబాద్‌లో గుండె వైద్యుడు డాక్టర్ బి. సోమరాజు, శాస్త్రవేత్త ఏపీజే అబ్దుల్ కలాం చేయి కలిపి తక్కువ ధరలో కలాం-రాజు స్టెంట్ తెచ్చారు. విదేశీ స్టెంట్ ధర విని వెనక్కి తగ్గే కుటుంబాలను ఆ ఇద్దరూ మనసులో పెట్టుకున్నారు.

అయినా అయిదుగురిలో ఒకరికి జాలీ సందుల్లోంచి కండ పెరుగుతూనే ఉంది. లోపలినుంచి రేడియేషన్ ఇచ్చి ఆపాలని చూశారు. ఆ దారి ఎక్కువ కాలం నిలవలేదు.

జవాబు దొరికింది మట్టిలో. 1964లో బయల్దేరిన కెనడా బృందం పసిఫిక్‌లోని ఈస్టర్ దీవి నుంచి మట్టి నమూనాలు తెచ్చింది. అందులోని సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్‌లో సిరోలిమస్ అనే మందును వేరుచేసినవాడు సురేన్ సెహగల్, మనదేశంలో చదువుకున్న శాస్త్రవేత్త. 1980ల తొలినాళ్లలో కంపెనీ ఆ ప్రయోగశాల మూసేసినప్పుడు, ఆయన ఆ జీవిని పారేయలేక ఇంటి ఫ్రీజర్‌లో దాచుకున్నాడు. ఆ మొండితనానికి నేటి హృద్రోగులు ఎంతో రుణపడి ఉన్నారు. ముందు మూత్రపిండ మార్పిడికి వాడిన ఆ మందు కణాల పెరుగుదలనూ ఆపుతుందని తేలి, స్టెంట్‌కు పూశారు. 1999 చివర్లో బ్రెజిల్‌లో ఎడ్వర్డో సౌజా తొలిసారి మనుషుల్లో వాడాడు. 2002లో 238 మంది మీద జరిపిన పరీక్షలో మామూలు స్టెంట్‌తో 26.6 శాతం పూడిక వస్తే, మందు స్టెంట్‌తో ఆరు నెలలకు సున్నా.

సంబరం నాలుగేళ్లే. కండ పెరగకుండా ఆపిన మందు, జాలీ మీద సహజమైన పొర కప్పుకోవడాన్నీ ఆలస్యం చేసింది. బయటే ఉండిపోయిన లోహం మీద, ఏడాది దాటాక కూడా కొందరికి హఠాత్తుగా రక్తం గడ్డకట్టింది. 2006లో బార్సిలోనాలో జరిగిన గుండె వైద్యుల సదస్సులో ఈ భయమే మార్మోగింది. ఆ తర్వాతే జాలీ తీగలు పలచబడ్డాయి, పూత మెరుగైంది, రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు కలిపి వాడటం మీద పట్టు పెరిగింది. కొన్నేళ్లకు కరిగిపోయే అబ్సార్బ్ స్టెంట్‌కు 2016లో అమెరికా అనుమతి ఇచ్చినా, గడ్డల బెడద బయటపడ్డాక మరుసటి ఏడాదే అమ్మకాలు ఆగాయి. స్టెంట్‌లోనే పూడుకున్నవారికి మందు పూసిన బెలూన్ ఇప్పుడు ఒక మంచి దారి.

2017 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం మందు స్టెంట్ ధరకు 29,600 రూపాయల పరిమితి పెట్టడంతో, అది సామాన్యులకూ కొంత అందుబాటులోకి వచ్చింది. మళ్లీ పూడిక నేడు బాగా తగ్గింది గానీ పోలేదు. షుగర్ ఉన్నవారికి, సన్నటి నాళాల్లో పొడవాటి స్టెంట్ వేసినవారికి ముప్పు ఇంకా ఎక్కువే. స్టెంట్ వేయించుకున్నవారు ఇంట్లో ఉంటే, గుండె డాక్టరును అడగకుండా రక్తం గడ్డకట్టనివ్వని ఆ మాత్రలు ఒక్కపూట కూడా మానొద్దని చెప్పండి, పన్ను పీకించుకునే ముందైనా సరే.