పిల్లలకు ఆస్తమా అటాక్ వస్తే.. మొదటి గంటే కీలకం! ఇంట్లో ఏం చేయాలి? 108కి ఎప్పుడు కాల్ చేయాలి?

పగలంతా బాగానే ఆడుకున్న పిల్లలు తెల్లవారుజామున ఉన్నట్టుండి దగ్గుతో లేచి కూర్చుంటారు. ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం. అప్పుడు చాలా ఇళ్లల్లో జరిగేది ఏంటంటే.. వీపుకు బామ్ రాస్తారు, గోరువెచ్చని నీళ్లు తాగిస్తారు, ఓ స్పూన్ దగ్గు సిరప్ పోసి ‘తెల్లారాక చూద్దాంలే’ అనుకుంటారు. ఆస్తమా ఉన్న పిల్లల విషయంలో ఆ ‘తెల్లారాక’ అనే మాటే ప్రమాదం. అటాక్ మొదట్లోనే సరైన మందు పడితే చాలామంది పిల్లలు ఇంట్లోనే తేరుకుంటారు. ఆలస్యమైతే ఆక్సిజన్ పెట్టాల్సిన పరిస్థితి రావొచ్చు. మరి ఆ కాస్త టైంలో ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు లోపల ఏం జరుగుతుంది?

అటాక్ వచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాల్లో మూడు మార్పులు జరుగుతాయి. గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. లోపలి పొర వాస్తుంది. చిక్కటి కఫం చేరుతుంది. పిల్లల గాలి గొట్టాలు అసలే సన్నగా ఉంటాయి కాబట్టి కొంచెం వాచినా గాలి ఆడదు.

బిగుసుకున్న కండరాలను సాల్బుటమాల్ లాంటి రిలీవర్ ఇన్‌హేలర్ కొన్ని నిమిషాల్లోనే వదులు చేస్తుంది. కానీ వాపు తగ్గాలంటే స్టెరాయిడ్ మందు కావాలి. అది పనిచేయడానికి దాదాపు 4 గంటలు పడుతుంది. అందుకే రెండూ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

ఇంట్లో చేయాల్సినవి ఇవే

1. పిల్లలను నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టొద్దు. బిగుతు బట్టలు వదులు చేయండి. మీరు కంగారు పడితే పిల్లలు ఏడుస్తారు, ఆయాసం ఇంకా పెరుగుతుంది. ధైర్యం చెప్పండి.

2. డాక్టర్ రాసిచ్చిన రిలీవర్ ఇన్‌హేలర్‌ను బాగా ఊపి స్పేసర్‌కు పెట్టండి. చిన్న పిల్లలకైతే స్పేసర్‌కు మాస్క్ తగిలించి, ముక్కు, నోరు రెండూ కప్పేలా గట్టిగా ఆనించాలి.

3. ఒక్కసారి ఒక్క పఫ్ మాత్రమే నొక్కండి. ఆ పఫ్‌ను స్పేసర్ ద్వారా 4 సార్లు మామూలుగా పీల్చుకోనివ్వండి. మళ్లీ ఊపి ఇంకో పఫ్ ఇవ్వండి.

4. ఎన్ని పఫ్‌లు? మీ డాక్టర్ ముందే ప్లాన్ రాసిచ్చి ఉంటే అదే ఫాలో అవ్వండి. లేకపోతే.. 5 ఏళ్లలోపు పిల్లలకు 100 మైక్రోగ్రాముల పఫ్‌లు 2 ఇచ్చి, అవసరమైతే 20 నిమిషాల గ్యాప్‌తో మరో రెండు సార్లు ఇవ్వొచ్చని ‘జీనా’ అనే అంతర్జాతీయ ఆస్తమా గైడ్‌లైన్స్ చెబుతున్నాయి. 6 ఏళ్లు దాటిన పిల్లలకు 4 పఫ్‌లతో మొదలుపెట్టొచ్చు.

5. చిన్న పిల్లలకు 2 గంటల్లో 6 పఫ్‌ల కంటే ఎక్కువ అవసరమవుతోందంటే ఇక ఇంట్లో ఆగొద్దు. ఆస్పత్రికి వెళ్లాల్సిందే. కాస్త తగ్గి మళ్లీ మొదలైనా అంతే.

ఈ లక్షణాలుంటే వెంటనే 108

* ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు ఎగరేయడం, మెడ దగ్గర గుంట పడటం
* ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోవడం, పసిపిల్లలైతే పాలు తాగలేకపోవడం
* పెదాలు, నాలుక నీలంగా మారడం
* మత్తుగా, నీరసంగా వాలిపోవడం
* ఆక్సీమీటర్‌లో 92 కంటే తక్కువ చూపించడం

ఇంకో ముఖ్యమైన విషయం. అప్పటిదాకా గట్టిగా వినిపించిన పిల్లికూతలు సడన్‌గా ఆగిపోయి, పిల్లాడు అలసిపోయినట్టు కనిపిస్తే ‘హమ్మయ్య తగ్గింది’ అనుకోవద్దు. గాలి లోపలికి వెళ్లకపోతే కూత కూడా రాదు. ఇది అన్నిటికంటే డేంజర్ సిగ్నల్. అంబులెన్స్ వచ్చేలోపు రిలీవర్ పఫ్‌లు ఆపకుండా ఇస్తూనే ఉండాలి.

జలుబు, దగ్గు ఏమీ లేకుండా.. పల్లీలు లాంటివి తింటూనో, చిన్న వస్తువులతో ఆడుకుంటూనో ఒక్కసారిగా ఊపిరాడకపోతే గొంతులో ఏదైనా ఇరుక్కుని ఉండొచ్చు. దాన్ని ఆస్తమా అనుకుని టైం వేస్ట్ చేయకండి.

స్పేసర్ లేకపోతే?

500 ఎంఎల్ ప్లాస్టిక్ వాటర్ బాటిల్ పనికొస్తుంది. బాటిల్ అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, గాలి పోకుండా బిగించాలి. బాటిల్ మూతి పిల్లల నోట్లో పెట్టాలి. ఇది గాలి కబురు కాదు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పిల్లలపై చేసిన పరీక్షలో, సీల్ చేసిన ఇలాంటి బాటిల్ కూడా కొన్న స్పేసర్‌లాగే పనిచేసిందని తేలింది. 1999లో లాన్సెట్ జర్నల్‌లో ఇది పబ్లిష్ అయ్యింది. అటాక్ వచ్చాక వెతుక్కోకుండా ముందే తయారు చేసి పెట్టుకోండి. సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెడితే మందు గోడలకు అంటుకోవడం తగ్గుతుంది.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

ఆక్సిజన్ 94 నుంచి 98 శాతం మధ్య ఉండేలా చూస్తారు. నెబ్యులైజర్‌తో గానీ స్పేసర్‌తో గానీ సాల్బుటమాల్ ఇస్తారు. సీరియస్‌గా ఉంటే ఇప్రాట్రోపియం కలుపుతారు. అవసరమైతే నరం ద్వారా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మొదలుపెడతారు. ఆస్పత్రికి చేరిన గంటలోపే స్టెరాయిడ్ పడితే అడ్మిట్ అవ్వాల్సిన అవసరం తగ్గుతుందని 2001లో వచ్చిన కోక్రేన్ రివ్యూ తేల్చింది. కాబట్టి క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే ‘పిల్లాడికి ఆస్తమా ఉంది, ఇన్ని పఫ్‌లు ఇచ్చాం, ఇంత టైంకి ఇచ్చాం’ అని చెప్పండి. డాక్టర్‌కు నిర్ణయం తీసుకోవడం ఈజీ అవుతుంది.

ఈ అపోహలు వదిలేయండి

‘ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, సిరప్ అయితే సేఫ్’ అని చాలామంది పేరెంట్స్ నమ్ముతారు. నిజానికి ఇన్‌హేలర్ అలవాటు పడే మందు కాదు. పైగా లెక్క చూడండి. ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. 5 ఎంఎల్ సాల్బుటమాల్ సిరప్‌లో ఉండేది 2 మిల్లీగ్రాములు, అంటే 20 పఫ్‌లతో సమానం. పఫ్ నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తుంది, సిరప్ ఒళ్లంతా తిరుగుతుంది. గుండె దడ, చేతులు వణకడం సిరప్‌తోనే ఎక్కువ.

మరుగుతున్న నీళ్ల ఆవిరి పట్టడం వల్ల గాలి గొట్టాలు తెరుచుకోవు, పిల్లల ఒళ్లు కాలే ప్రమాదం మాత్రం ఉంది. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప ప్రసాదం తీసుకోవడం మీ నమ్మకం. తీసుకున్నా సరే, డాక్టర్ ఇచ్చిన ఇన్‌హేలర్‌ను మాత్రం ఆపకండి.

అటాక్ తగ్గాక..

‘ఇప్పుడు బాగానే ఉన్నాడుగా’ అని వదిలేయొద్దు. ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌కు చూపించండి. స్టెరాయిడ్ కోర్సు రాసిస్తే చెప్పినన్ని రోజులు వాడండి. రోజూ వాడే ప్రివెంటర్ ఇన్‌హేలర్ వేరు, అటాక్‌లో వాడే రిలీవర్ వేరు. రెండిటి మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి పెట్టండి. రిలీవర్ ఒకటి స్కూల్ బ్యాగ్‌లో ఉండాలి, క్లాస్ టీచర్‌కు వాడే విధానం తెలియాలి. దోమల కాయిల్స్, అగరబత్తి పొగ, సిగరెట్, భోగి మంటలు, దీపావళి టపాసుల పొగకు పిల్లలను దూరంగా ఉంచండి.

ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పిల్లలను వదిలి డ్యూటీకి వెళ్లేవాళ్లు స్పేసర్ ఎలా పెట్టాలో వాళ్లకు ఈ రోజే ఒకసారి చేసి చూపించండి. అటాక్ వచ్చే టైంకి పక్కన మీరే ఉంటారన్న గ్యారంటీ లేదు కదా!

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. మీ పిల్లల వయసు, బరువును బట్టి డోసు విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.