రాయగజకేసరి రుద్రమ

కాకతీయ రుద్రమదేవికి తండ్రి గణపతిదేవుడి నుంచి ఓరుగల్లు సింహాసనంతో పాటు ‘రాయగజకేసరి’ అనే బిరుదు కూడా దక్కింది. శత్రురాజులనే ఏనుగుల పాలిట సింహమని దాని భావం. గణపతిదేవుడికి కొడుకులు లేరు. ఒక కుమార్తె గణపాంబను ధరణికోట పాలకుడు కోట బేతరాజుకిచ్చి పెళ్లి చేశాడు. రుద్రమను మాత్రం తన తర్వాత రాజ్యమేలేందుకు సిద్ధం చేశాడు. శాసనాలు ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అంటాయి. నిడదవోలు చాళుక్యుడు వీరభద్రుడు ఆమె భర్త. అయినా అధికారం ఆమెదే.

తండ్రి బతికుండగానే రాచకార్యాలు ఆమె చేతికొచ్చాయనడానికి 1261 నాటి మల్కాపురం శాసనం సాక్ష్యం. శైవాచార్యుడు విశ్వేశ్వర శంభువుకు గణపతిదేవుడు ఇస్తానన్న మందరం గ్రామాన్ని ఆమె ధారపోసి, దానికి వెలగపూడిని కూడా జోడించింది. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆ గ్రామాల రాబడితో మఠం, విద్యాలయం, అన్నసత్రం, ప్రసూతిశాల నడిచాయి. పదమూడో శతాబ్దంలో పురుడు పోయడానికి ప్రత్యేకంగా ఒక శాల ఉందంటే అది చిన్న విషయం కాదు.

1262 నుంచి పూర్తి అధికారంతో పాలించిన రుద్రమకు పడమటి సరిహద్దు పెద్ద పరీక్ష అయింది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేది కోసం రాజవంశాలు తరతరాలుగా పోరాడుకున్నాయి. అందులోని ముదగల్ పరిసరాల్లో దొరికిన శాసనాలు అక్కడ దేవగిరి యాదవుల ప్రాబల్యాన్ని చెబుతాయి. యాదవ మహాదేవుడు ఓరుగల్లుపై కత్తి దూశాడు. ఆడదాన్ని చంపడం ఇష్టంలేక రుద్రమను వదిలేశాడని యాదవుల మంత్రి హేమాద్రి రాశాడు. ఆమే అతణ్ని దేవగిరి దాకా తరిమి కప్పం వసూలు చేసిందని ‘ప్రతాపరుద్ర చరిత్ర’ చెబుతుంది. కప్పం లెక్కల్లో అతిశయోక్తి ఉండొచ్చు గానీ, హేమాద్రి మాట అసలు నిలవదు. యాదవుల ఏలుబడిలో ఉన్న బీదరు కోటలోనే రుద్రమ బిరుదులతో కన్నడ శాసనం దొరికింది. ఆమె దండయాత్రల్లో వెంట నడిచిన సింద వంశీయుడు భైరవుడి పేరు అందులో ఉంది. దయతలచి వదిలేసిన రాణి పేరు శత్రువు కోటలోకి ఎలా చేరుతుంది? తండ్రి ఇచ్చిన బిరుదును ఆమె యుద్ధభూమిలో మళ్లీ సంపాదించుకుంది.

దక్షిణాన కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడి తిరుగుబాటు ఆమె చివరి రోజులను కుదిపేసింది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం ఆ సేనాని సేవకుడు పువ్వుల ముమ్మడి భూమి దానం చేశాడని నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం చెబుతోంది. దాని తేదీ 1289 నవంబరు 27. అంబదేవుడితో పోరులోనే ఇద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారుల అంచనా.

రుద్రమకూ కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు రాజ్యానికి వచ్చాడు. ఆయన సేనలు పడమటికి నడిచి అంతర్వేదిలోని కోటలను గెలిచాయి. 1294లో ఆయన సేనాని గోన విఠలుడు రాయచూరులో కోట కట్టించాడు. ఆ సంగతి చెప్పే తెలుగు శాసనం నలభై అడుగులు దాటిన ఒకే రాతిపై ఆ కోట గోడలో నేటికీ ఉంది.