గుమ్మటం మీదికి ఆ జెండా ఎప్పుడెక్కింది?

2015 జూన్ 18న అమెరికాలోని దక్షిణ కరోలినా రాజధాని కొలంబియాలో, శాసనసభ గుమ్మటం మీద జాతీయ పతాకమూ రాష్ట్ర పతాకమూ సగానికి దిగాయి. ముందురోజు రాత్రి చార్ల్‌స్టన్ నగరంలోని ఇమాన్యుయేల్ చర్చిలో బైబిలు చదువుకోవడానికి కూడిన తొమ్మిది మంది నల్లజాతివారిని ఒక తెల్లజాతి యువకుడు కాల్చి చంపాడు. ఆ చర్చి పాస్టరు క్లెమెంటా పింక్నీ కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆయన రాష్ట్ర సెనేట్ సభ్యుడు. ఆయన నడిచిన శాసనసభ ఆవరణలోనే, ముప్పై అడుగుల స్తంభం మీద మూడో జెండా ఒకటి మాత్రం నిండుగా ఎగురుతూ ఉంది. ఎర్రటి గుడ్డ, మూల నుంచి మూలకు నీలం పట్టీలు, వాటి మీద పదమూడు తెల్ల నక్షత్రాలు. ఆ స్తంభానికి కప్పీ లేదు. జెండాను పూర్తిగా తీసెయ్యాలే తప్ప సగానికి దించడం కుదరదు. తీసెయ్యాలన్నా గవర్నరుకు అధికారం లేదు, చట్టసభ ఒప్పుకోవాలి.

అది కాన్ఫెడరేట్ యుద్ధ పతాకం, అంటే అంతర్యుద్ధంలో అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం ఎగరేసిన జెండా. దాన్ని బహిరంగంగా ఎగరేయవచ్చా, కూడదా అన్న తగువు అమెరికాలో కొన్ని దశాబ్దాలుగా నడుస్తోంది. కొందరికి అది తాతముత్తాతల జ్ఞాపకం. మరికొందరికి అది తమ తాతముత్తాతల కాళ్ళకు పడ్డ సంకెల. ఈ వాదనలో రెండు పక్షాలూ అంతర్యుద్ధం మొదలైన 1861కి పరుగెత్తుతాయి. అంత దూరం వెళ్ళేముందు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ స్తంభం మీదికి, ఆ గుమ్మటం మీదికి ఈ జెండా ఎప్పుడెక్కింది?

ముందు పుట్టుక. 1860 జనాభా లెక్కల ప్రకారం దక్షిణ కరోలినాలో ఉన్నవాళ్ళు ఏడు లక్షల పైచిలుకు. వాళ్ళలో 4,02,406 మంది బానిసలు, అంటే సగానికి మించి. ఆ ఏడాది డిసెంబరు 20న అమెరికా సమాఖ్య నుంచి అన్నింటికన్నా ముందు విడిపోయిన రాష్ట్రం అదే. ఎందుకు విడిపోతున్నదీ చెబుతూ నాలుగు రోజులకే ప్రకటన వెలువరించింది. అందులో బానిసత్వానికి ముప్పు వచ్చిందన్న సంగతిని దాచుకోలేదు, డొంకతిరుగుడుగా చెప్పనూ లేదు. ఆ తర్వాత విడిపోయిన రాష్ట్రాలు కలిసి ఏర్పరచుకున్న కాన్ఫెడరసీకి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానా నగరంలో మాట్లాడుతూ, తెల్లవారితో నల్లవారు సమానం కాదన్న భావమే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు.

కొత్త ప్రభుత్వం మొదట పెట్టుకున్న జాతీయ జెండా ఇది కాదు. మూడు పట్టీలతో, మూలన నక్షత్రాలతో ఉన్న ఆ తొలి జెండా దూరం నుంచి చూస్తే అచ్చం అమెరికా జెండాలాగే కనిపించేది. 1861 జూలైలో మనాసస్ యుద్ధంలో, పొగలో ధూళిలో ఎవరు ఎవరో తెలియక సైనికులు తికమకపడ్డారు. దాంతో కాన్ఫెడరేట్ జనరల్ బోరెగార్డ్ యుద్ధభూమికి వేరే జెండా కావాలన్నాడు. దక్షిణ కరోలినాకే చెందిన విలియం పోర్చర్ మైల్స్ అనే ప్రతినిధి గీసిన నమూనా అప్పుడు అక్కరకొచ్చింది. ఆ ఏడాది చివరికల్లా అది వర్జీనియాలోని కాన్ఫెడరేట్ సైన్యం చేతికి చేరింది. 1863లో జాతీయ జెండాను మార్చినప్పుడు తెల్లటి గుడ్డ మీద ఒక మూలకు ఈ గుర్తునే ఎక్కించారు. గాలి లేనప్పుడు అది లొంగిపోయేవాడి తెల్లజెండాలా కనిపిస్తోందని 1865 మార్చిలో అంచుకు ఎర్ర పట్టీ కుట్టారు. నెల తిరిగేసరికి కాన్ఫెడరేట్ సేనాని లీ లొంగిపోయాడు.

ఆ యుద్ధకాలపు జెండా కథల్లో అన్నింటికన్నా గొప్పది చార్ల్‌స్టన్ రేవులోనే జరిగింది. అమెరికా బడిపిల్లలందరికీ తెలియాల్సినంతగా అది తెలియదు. రాబర్ట్ స్మాల్స్ అనే బానిస ‘ప్లాంటర్’ అనే కాన్ఫెడరేట్ ఆవిరి ఓడ నడిపేవాడు. 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ఒడ్డున నిద్రపోతుండగా, కెప్టెన్ టోపీ నెత్తిన పెట్టుకుని ఓడను కదిలించాడు. పైన కాన్ఫెడరేట్ జెండా ఎగురుతూనే ఉంది. దారిలో భార్యాపిల్లల్ని, తోటి బానిసల కుటుంబాలను ఎక్కించుకున్నాడు. కోటల ముందుకొచ్చినప్పుడల్లా వేయాల్సిన ఈల వేశాడు. ఫిరంగుల హద్దు దాటాక కాన్ఫెడరేట్ జెండా దించి, భార్య హానా తెచ్చిన పక్కదుప్పటి ఎగరేశాడు. ఎదురుగా ఉన్న ఉత్తరాది నౌక కాల్పులకు సిద్ధమవుతూ ఆ తెల్లగుడ్డ చూసి ఆగింది. ఓడలో ఉన్న పదహారు మందీ ఆ ఉదయం స్వేచ్ఛ పొందారు. తర్వాతి కాలంలో స్మాల్స్ అదే దక్షిణ కరోలినా నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. ‘మా రాష్ట్ర వారసత్వం’ అన్న మాట వినిపించినప్పుడు, ఆ వారసత్వంలో ఈ పక్కదుప్పటికి కూడా చోటుందా అని అడగాలి.

యుద్ధం ముగిశాక జెండా చాలాకాలం పెట్టెల్లో, సమాధుల దగ్గర, ముసలి సైనికుల ఊరేగింపుల్లో బతికింది. ఉత్తరాది సేనలు పట్టుకున్న జెండాలను తిరిగి ఇచ్చేద్దామని 1887లో అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ ప్రభుత్వం అనుకుంటే, ఉత్తరాది మాజీ సైనికులు మండిపడ్డారు. చివరికి 1905లో ఇచ్చారు. ఈలోగా 1894లో మిసిసిపీ రాష్ట్రం తన అధికారిక పతాకంలోనే ఈ గుర్తును కలుపుకుంది. నల్లవారి ఓటుహక్కును రాజ్యాంగం ద్వారా ఊడబెరికి అప్పటికి నాలుగేళ్ళు.

జెండా రెండో జన్మ ఎత్తింది మాత్రం 1948లో. సైన్యంలో జాతి వేర్పాటు పోవాలన్న అధ్యక్షుడు ట్రూమన్ విధానాలపై తిరగబడ్డ దక్షిణాది డెమొక్రాట్లు వేరు కుంపటి పెట్టుకుని, దక్షిణ కరోలినా గవర్నరు స్ట్రామ్ థర్మండ్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టారు. వాళ్ళ సభల్లో ఈ జెండాలు రెపరెపలాడాయి. నాలుగు రాష్ట్రాలు ఆయన వెంట నడిచాయి. 1954లో బడుల్లో తెల్లవారినీ నల్లవారినీ వేరుచేయడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రెండేళ్ళకు జార్జియా తన రాష్ట్ర పతాకాన్ని మార్చి, మూడింట రెండు వంతుల మేర ఈ గుర్తుతో నింపింది. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే వేరే వ్యాఖ్యానం అవసరం పడదు.

ఇక కొలంబియా. 1961 మార్చి 2న నల్లజాతి విద్యార్థులు అక్కడి జయాన్ బాప్టిస్ట్ చర్చి నుంచి బయల్దేరి, జాతి వివక్షకు నిరసనగా శాసనసభ ఆవరణలోకి శాంతియుతంగా నడిచారు. వెళ్ళిపొమ్మంటే పాటలు పాడారు. 187 మందికి శిక్షలు పడ్డాయి. రెండేళ్ళ తర్వాత సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. వాళ్ళ అరెస్టులు జరిగి ఆరు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 11న, అంతర్యుద్ధ శతజయంతి పేరిట అదే భవనం మీద కాన్ఫెడరేట్ జెండా ఎగిరింది. శతజయంతి వేడుకల కోసం ఆ రోజుల్లోనే చార్ల్‌స్టన్ వచ్చిన న్యూజెర్సీ ప్రతినిధి మాడలిన్ విలియమ్స్‌కు, ఆమె నల్లజాతి స్త్రీ గనక, తక్కిన ప్రతినిధులు దిగే హోటల్లో గది ఇవ్వబోమన్నారు. అధ్యక్షుడు కెనెడీ కల్పించుకోవడంతో జాతీయ కార్యక్రమాన్ని నౌకాదళ స్థావరానికి మార్చాల్సి వచ్చింది. 1962 మార్చిలో చట్టసభ చేసిన తీర్మానం జెండాను గుమ్మటం మీద ఉంచమంది. ఎప్పుడు దించాలో అందులో రాయలేదు. శతజయంతి ముగిసింది, జెండా మిగిలింది. ముప్పై ఎనిమిదేళ్ళు.

నూరేళ్ళ కిందటి మృతులకు నివాళే అయితే తొంభై తొమ్మిదేళ్ళూ గుమ్మటం ఖాళీగా ఎందుకుంది? ఈ వ్యాసం పట్టుకున్న కొస ఇదే. ఆ జెండా కింద పోరాడిన పేద రైతుబిడ్డల్ని తలచుకోవాలనుకునే మనవల మనసు అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ గుమ్మటం మీదికి దాన్ని ఎక్కించింది ఆ మనవల కన్నీళ్ళు కాదు. తమతో సమానంగా కూర్చుంటామన్న నల్లవారికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు అది.

2000 జనవరిలో వేలాది మంది కొలంబియా వీధుల్లో నడిచారు, నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ రాష్ట్రాన్ని బహిష్కరించమని అప్పటికే పిలుపునిచ్చింది. చట్టసభ రాజీ కుదిర్చింది. జూలై 1న జెండాను గుమ్మటం మీంచి దించి, భవనం ముందున్న సైనిక స్మారకం పక్కన నిలబెట్టారు. మెడ ఎత్తితే తప్ప కనపడనిది, ప్రధాన వీధి మలుపులో అందరి కళ్ళకూ ఎదురొచ్చింది. దాన్ని కదిలించాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలని చట్టంలో రాసుకున్నారు. ఇది రాజీ అనిపించుకోదు, వాయిదా.

ఈ తగువు మన తెలుగువాళ్ళ గడప దాకా వచ్చిందని చాలామందికి తెలియదు. జార్జియాలో అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో, కమింగ్ పరిసరాల్లో ఈరోజు ఎన్నో తెలుగు కుటుంబాలు ఇళ్ళు కొనుక్కుని ఉంటున్నాయి. 1912లో ఆ కౌంటీ నుంచి సుమారు వెయ్యిమంది నల్లవారిని బెదిరించి, తగలబెట్టి తరిమేశారు. దశాబ్దాలపాటు అది తెల్లవారి కౌంటీగానే ఉంది. 1987 జనవరిలో పౌరహక్కుల ఉద్యమకారుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో ఒక చిన్న ఊరేగింపు అక్కడ అడుగుపెడితే, కాన్ఫెడరేట్ జెండాలు ఊపుతూ వచ్చిన గుంపు రాళ్ళు, సీసాలు రువ్వింది. వారం తిరిగేసరికి ఇరవై వేలమంది వచ్చి అదే దారిలో నడిచారు. ఇవాళ అక్కడ బతుకమ్మ ఆడుకునేవాళ్ళు, సంక్రాంతికి ముగ్గులు పెట్టుకునేవాళ్ళు ఆ నడకకు రుణపడి ఉన్నారు. 1956 నాటి జార్జియా జెండాను 2001లో మార్చారు, 2003లో మళ్ళీ మార్చారు. ఇప్పుడున్నది కాన్ఫెడరసీ తొలి జాతీయ జెండా పోలికలోనే ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సు కోసం క్యూలో నిలబడ్డ మనవాళ్ళలో ఎంతమంది దాన్ని గుర్తుపడతారో!

2015లో కొలంబియాకు తిరిగి వెళితే, చర్చి హంతకుడి ఫొటోలు బయటపడ్డాయి. ఒకదానిలో అతని చేతిలో కాన్ఫెడరేట్ జెండా. ఇంకోదానిలో జాకెట్ మీద రెండు చిన్న గుర్తులు, ఒకటి వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికా జెండా, రెండోది తెల్లవారి పాలన నాటి రొడీషియాది. ఇరవయ్యొకటేళ్ళ కుర్రాడికి సముద్రం అవతల, తాను పుట్టే నాటికే కూలిన, కూలుతున్న ప్రభుత్వాల జెండాలతో పనేమిటి? ఆ జెండాల అర్థం అతనికి స్పష్టంగా తెలుసు.

జూన్ 22న గవర్నరు నిక్కీ హేలీ జెండా దించాలని కోరారు. అమృత్‌సర్ నుంచి వలస వచ్చిన సిక్కు దంపతుల కూతురామె. జూన్ 24న పింక్నీ శవపేటిక శాసనసభ భవనంలోకి వచ్చినప్పుడు, జెండా కనపడకుండా కిటికీకి నల్లగుడ్డ కట్టారు. చట్టం ఇంకా కదలలేదు. 27న తెల్లవారాక బ్రీ న్యూసమ్ అనే నల్లజాతి యువతి తాళ్ళు కట్టుకుని ఆ స్తంభం ఎక్కి జెండా విప్పింది. కిందికి దిగగానే అరెస్టు చేశారు. గంట గడవకముందే కొత్త జెండా కట్టారు. చివరికి సెనేట్, ఆ తర్వాత జూలై 9 తెల్లవారుజామున 94-20 ఓట్లతో ప్రతినిధుల సభ సరేనన్నాయి. 10వ తేదీన తెల్ల చేతితొడుగులు వేసుకున్న పోలీసులు దాన్ని దించి, చుట్టి, మ్యూజియానికి పంపారు. స్తంభాన్ని కూడా పీకేశారు. దించిన జెండా 1861 నాటి నేతగుడ్డ కాదు. ఈ కాలపు నైలాన్.

మరి సామాన్యుడు తన ఇంటి ముందు కట్టుకుంటే? అమెరికాలో దానికి 1931లోనే సమాధానం దొరికింది. పిల్లల వేసవి శిబిరంలో ఎర్రజెండా ఎగరేసిన యెట్టా స్ట్రోంబర్గ్‌ను శిక్షించిన కాలిఫోర్నియా చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. జెండా కూడా మాటేనని తేలింది. అయితే అది పౌరుడి మాట. కారు నంబరుప్లేటు మీద కాన్ఫెడరేట్ గుర్తు వేయబోమన్న టెక్సాస్ ప్రభుత్వాన్ని 2015 జూన్ 18న సుప్రీంకోర్టు 5-4తో సమర్థించింది. ప్లేటు మీద మాట్లాడేది ప్రభుత్వం, తనకు ఇష్టంలేని మాట అనకుండా ఉండే హక్కు దానికుంది. చర్చిలో కాల్పులు జరిగిన మర్నాడే వచ్చింది ఆ తీర్పు.

వేరే దేశాలు వేరే గీత గీశాయి. జర్మనీలో నాజీ జెండా ఎగరేయడం నేరం. దాంతో కొందరు కైజర్ల కాలపు నలుపు-తెలుపు-ఎరుపు జెండా పట్టుకుంటున్నారు, 2020 ఆగస్టులో దానితోనే పార్లమెంటు మెట్ల మీదికి ఎక్కారు. నిషేధం ఒక గుడ్డను ఆపగలదు, పట్టుకునే చేతిని ఆపలేదు. దక్షిణాఫ్రికాలో 2019లో సమానత్వ న్యాయస్థానం పాత జెండాను ఊరికే ప్రదర్శించడం ద్వేష ప్రసంగమేనని, చదువుకూ కళకూ వార్తలకూ మినహాయింపు ఉంటుందని చెప్పింది. మనిషి గాయాన్నీ చరిత్ర పాఠాన్నీ రెంటినీ చూసిన తీర్పు అది.

మిసిసిపీ అందరికన్నా ఆలస్యంగా కదిలింది. 2001లో ఓటర్లను అడిగితే 64 శాతం పాత జెండాయే కావాలన్నారు. 2020 జూన్‌లో చట్టసభ దాన్ని తీసేసింది. నవంబరులో మాగ్నోలియా పువ్వున్న కొత్త జెండాకు 70 శాతం దాటి ఓట్లు పడ్డాయి. అదే జూన్‌లో నాస్కార్ కారు పందేల మైదానాల్లోనూ పాత గుర్తును వద్దన్నారు.

దక్షిణ కరోలినాలో 2016 జూలై 10న, మరుసటి ఏడాదీ, జెండాను ప్రేమించేవాళ్ళు కొందరు అనుమతి తీసుకుని శాసనసభ ముందుకు వచ్చారు. తమ స్తంభం తామే మోసుకొచ్చి, పాతది ఉన్నచోటి దగ్గరే నిలబెట్టి, జెండా ఎగరేశారు. ఎదురుగా వ్యతిరేకించేవాళ్ళు నిలబడ్డారు, మధ్యలో పోలీసులు. అనుమతి గడువు ముగియగానే తమ జెండా తామే దించుకుని, స్తంభం భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు.